జిరాఫీ తెలుసు, మరి కలివి కోడి?

నర్సరీ పిల్లల కోసం బజార్లో అమ్మే జంతువుల పుస్తకం ఏదైనా తీసి చూడండి. అట్ట మీద పాండా ఉంటుంది. లోపల సింహం, జిరాఫీ, జీబ్రా, కంగారూ, పెంగ్విన్ వరసగా కనిపిస్తాయి. మూడేళ్లు నిండకుండానే పిల్లలు వీటన్నింటినీ గడగడా చెప్పేస్తుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. మురిసిపోవలసిందే, పిల్లల జ్ఞాపకశక్తి అలాంటిది. అయితే ఆ పుస్తకంలో కలివి కోడి ఉండదు. కొన్ని దశాబ్దాలుగా కడప ప్రాంతపు ముళ్లపొదల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఆనవాలు దొరకని పక్షి అది. రోళ్లపాడు గడ్డిమైదానాల బట్టమేక పిట్ట ఉండదు. ఆసిఫాబాద్ అడవుల రాబందు ఉండదు. నల్లమల అలుగు ఉండదు. అంతరించిపోతున్న జీవుల గురించి పిల్లలకు చెప్పాలని ఎవరైనా పూనుకుని పుస్తకం వేసినా, చాలా పేజీలు ధ్రువపు ఎలుగుబంటికీ పాండాకీ పోతాయి, మిగిలినవి ‘అడవులను కాపాడుదాం’ అనే ఉపన్యాసానికి పోతాయి. ఈ రెండు అలవాట్లూ వదిలించుకోవాలి. మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల పుస్తకం ముందు ఒక ప్రాణిని దగ్గరగా పరిచయం చేయాలి. అది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఎలా అరుస్తుంది అన్నది తెలిశాకే దానికొచ్చిన ఆపద పిల్లలకు తలకెక్కుతుంది. ఆ ఆపదను కూడా ఉన్నది ఉన్నట్టు, కారణంతో సహా చెప్పాలి.

ఏది చూపిస్తే పిల్లలు అదే నేర్చుకుంటారనడానికి గట్టి ఆధారమే ఉంది. ఆండ్రూ బామ్‌ఫర్డ్ అనే కేంబ్రిడ్జి శాస్త్రవేత్త, ఆయన సహచరులు బ్రిటన్‌లో 4 నుంచి 11 ఏళ్ల బడిపిల్లలకు కార్డులు చూపించి పేర్లు అడిగారు. కొన్ని కార్డుల మీద బ్రిటన్‌లో మామూలుగా కనిపించే మొక్కలు, జంతువులు. మరికొన్నింటి మీద పోకెమాన్ బొమ్మలు. 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్లలో దాదాపు 80 శాతాన్ని గుర్తుపట్టారు. తమ ఊళ్లో పెరిగే మొక్కలు, తిరిగే జంతువుల దగ్గరికి వచ్చేసరికి సగం దాటి కాస్త ముందుకు వెళ్లారంతే. ఫ్రాన్స్‌లో బడిపిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో, కాపాడవలసిన జంతువులు ఏవని అడిగితే పిల్లలు తమ చుట్టుపక్కల ప్రాణుల కంటే తెరల మీద చూసిన దూరదేశపు జంతువుల వైపే మొగ్గారు. పేరు తెలియని ప్రాణి పోయినా పోయినట్టు తెలియదు. ఇంకో సంగతి. మన పుస్తకాల అట్టల మీద బెంగగా చూస్తూ కూర్చునే ఆ పాండా పరిస్థితి మెరుగుపడిందని, అంతరించే ముప్పు జాబితాలో దాన్ని 2016లోనే ఒక మెట్టు దించారు. కలివి కోడి మాత్రం ఆ జాబితాలో అత్యంత తీవ్రమైన ముప్పున్న వర్గంలోనే ఉంది.

పులీ పాండా అయితే పిల్లలు ఇష్టపడతారు, మట్టిరంగు పిట్టను ఎవరు చూస్తారు అని ప్రచురణకర్తలు అడగవచ్చు. బొమ్మల పుస్తకాల చరిత్రే దీనికి జవాబు. 1969లో వచ్చిన ఎరిక్ కార్ల్ ‘ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ ప్రపంచంలో అతి ఎక్కువగా అమ్ముడుపోయిన పిల్లల పుస్తకాల్లో ఒకటి. దాని కథానాయకుడు గొంగళిపురుగు. ఆకు వెనక కనిపిస్తే మనం కెవ్వుమని చెయ్యి వెనక్కి తీసుకునే పురుగు అది. కాగితానికి చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లోంచి పురుగు తినుకుంటూ పోయినట్టు చూపించిన పనితనమే దాన్ని పిల్లలకు దగ్గర చేసింది. అందంగా పుట్టిన జంతువు కోసం వెతుక్కునే అవసరం రచయితకు లేదు. ప్రతి ప్రాణిలోనూ పిల్లల చెయ్యి పేజీ తిప్పించే గుణం ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. అలుగునే చూడండి. ఒళ్లంతా పొలుసులు, పళ్లు లేవు, పొడవాటి నాలుకతో చీమల్నీ చెదల్నీ నాకేస్తుంది, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. ఒక పేజీలో బంతి, పేజీ తిప్పితే అలుగు. రెండేళ్ల పిల్లకు కూడా ఇది ఆటే.

అసలు చావు, అంతరించిపోవడం వంటి మాటలు నాలుగేళ్ల పిల్లలకు ఎందుకన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. అమెరికన్ విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ‘బియాండ్ ఎకోఫోబియా’ అనే చిన్న పుస్తకంలో దీన్ని గట్టిగా వాదించారు. నాలుగో తరగతికి రాకముందు ప్రకృతి విషాదాలను పిల్లల నెత్తిన పెట్టవద్దు, ముందు చెట్టూ పుట్టా పిట్టలతో చనువు పెరగనివ్వండి, లేకపోతే ప్రకృతి అంటేనే బెంగపడి దూరంగా జరిగిపోతారు అన్నది ఆయన వాదన. చనువు ముందు అన్న మాటతో నాకు పేచీ లేదు. విషాదాన్ని పూర్తిగా దాచేయమంటే మాత్రం ఒప్పుకోలేను. మన పిల్లలు చావును చూడకుండా పెరగరు. ఆదివారం పూట కోడిని కోస్తుంటే చూస్తారు. కొట్టంలో దూడ చచ్చిపోతే ఏడుస్తారు. తాతయ్యను ఎక్కడికి తీసుకెళ్లారని అడుగుతారు, ఏదో ఒక జవాబుతో సమాధానపడతారు. వాళ్లను నిజంగా బెదరగొట్టేది కారణం తెలియని, అంతు లేని ఆపద. ‘మనిషి స్వార్థానికి మూగజీవాలు బలైపోతున్నాయి’ అని పుస్తకంలో రాశామనుకోండి. ఏ మనిషి? నాన్నా? పాలు పోసే మామయ్యా? ఏం చేశాడు? ఆ వాక్యంలో పిల్లలు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, బెంగ తప్ప.

దీనికి పక్కన రాబందు కథ పెట్టి చూడండి. ఒకప్పుడు ఊళ్ల శివార్లలో గుంపులుగా కనిపించిన తెల్లవీపు రాబందులు 1992–2007 మధ్య 99.9 శాతం తగ్గిపోయాయి. వెయ్యి ఉన్నచోట ఒక్కటి మిగిలింది. ఎందుకు చస్తున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 2004లో లిండ్సే ఓక్స్ నేతృత్వంలోని పరిశోధకులు పాకిస్తాన్‌లో చచ్చిపడిన రాబందులను పరీక్షించి అసలు కారణం కనిపెట్టారు. అది డైక్లోఫెనాక్. పశువులకు నొప్పీ వాపూ తగ్గడానికి ఇచ్చే మామూలు మందు. ఆ మందు వేసిన పశువు చనిపోతే, కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతిని కొద్దిరోజుల్లోనే ప్రాణం పోతుంది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. దాని బదులు రాబందులకు హాని చెయ్యని మెలోక్సికామ్ వాడవచ్చని తేలింది. అలాంటి ముప్పే ఉన్న కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకుండా 2023లో ఆపేశారు. ఈ కథలో దుర్మార్గుడు ఎవరూ లేరు. తన ఆవు బాధ తగ్గాలని రైతు మందు వేయించాడు. రాబందు తన భోజనం తాను చేసింది. ఆవుకు నొప్పి, నొప్పికి మందు, ఆ మందు రాబందు కడుపులోకి వెళ్లడం, చివరికి మందు మార్చడం అనే వరసను ఆరేళ్ల పిల్ల చక్కగా పట్టుకోగలదు. పెద్దల మీద కోపం, లోకం మీద భయం లేకుండానే ఆపదంటే ఏమిటో, దాని వెనక కారణం ఉంటుందనీ, కారణం తెలిస్తే సరిచేయవచ్చనీ ఆమెకు అర్థమవుతుంది.

ఇలాంటి పుస్తకం అచ్చు దాకా వచ్చాక ఎవరో ఒకరు కళేబరం బొమ్మ తీసేద్దామంటారు. రాబందును కొమ్మ మీద నవ్వుతూ కూర్చోబెడదామంటారు. అక్కడే పుస్తకం చెడిపోతుంది. కళేబరం తీసేస్తే రాబందు మెడ ఎందుకు బోడిగా ఉందో చెప్పలేం. తలను మాంసంలోకి దూర్చి తినే పక్షికి మెడ నిండా ఈకలుంటే నెత్తురు అంటుకుని కుళ్లుతుంది, అందుకే ఆ మెడ అలా ఉంది. ఊరి చివర పడేసిన గొడ్డును గుంపుగా వచ్చి గంటల్లో శుభ్రం చేసే పక్షి అది. ఆ పని చూపించడానికి నెత్తురు ఏరులై పారనక్కర్లేదు. తెల్లటి పక్కటెముకలు, వాటి చుట్టూ ముసిరిన రెక్కలు, దూరంగా కాచుకున్న కుక్క ఉంటే చాలు. సీతమ్మ కోసం రావణుడితో పోరాడిన జటాయువు కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. ఆయన రాబందే అయినా, క్యాలెండరు బొమ్మల్లో తరచూ గద్దలాగే కనిపిస్తాడు. లేపాక్షిలో అంత పెద్ద జటాయువు విగ్రహం ముందు ఫొటో దిగిన పిల్లలకు, బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద నిజం రాబందులు గూళ్లు పెట్టుకున్న సంగతి ఏ పుస్తకమూ చెప్పకపోవడం లోటే.

జటాయువు పేరెత్తితే పంచతంత్రం గుర్తొస్తుంది. మన కథల్లో జంతువులు మాట్లాడతాయి కదా, కలివి కోడి మాట్లాడితే తప్పేమిటని అడిగేవాళ్లుంటారు. పంచతంత్రం రాసింది రాకుమారులకు రాజనీతి నేర్పడానికి. అందులో నక్క మనిషి జిత్తులకు వేషం కట్టింది, నక్క బతుకు గురించి చెప్పడం ఆ కథల ఉద్దేశం కాదు. ఆ పనికి అవి సాటిలేని కథలు. కానీ పుస్తకం ఒక ప్రాణి గురించే అయినప్పుడు లెక్క మారిపోతుంది. పాట్రీషియా గేనియా, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో బడికి వెళ్లని వయసు పిల్లలకు వాళ్లెరగని జంతువుల పుస్తకాలు చదివి వినిపించారు. కొన్నింటిలో జంతువు ఎలా ఉంటుందో అలాగే రాశారు. మరికొన్నింటిలో మనుషుల్లా మాట్లాడించారు. మనుషుల్లా మాట్లాడిన జంతువుల గురించి పిల్లలు తక్కువ నిజాలు నేర్చుకున్నారు, వాటికి మనుషుల బుద్ధులు అంటగట్టడం ఎక్కువైంది. అంతరించే జంతువు మీద జాలి పుట్టించాలని దానికి గౌను తొడిగి, కన్నీళ్లు పెట్టించి, ‘నన్ను కాపాడండి’ అనిపించే రచయితలు ఇది గమనించాలి. పిల్లలు ఆ గౌను పాపను ప్రేమిస్తారేమో, అడవిలో ఉన్న ప్రాణి వాళ్లకు ఇంకా పరాయిదే.

నిజం చెబితే చప్పగా ఉంటుందనే భయం అక్కర్లేదు. కలివి కోడి కథ చూడండి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు థామస్ జెర్డాన్ ద్వారా 1848లో ఈ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. ఇక లేదనే అనుకున్నారు. 86 ఏళ్లు గడిచాక, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. దొరికించింది పక్షులు పట్టడంలో చెయ్యి తిరిగిన ఐతన్న అనే ఊరి మనిషి. దాని కోసం 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి తిరిగే పొదల్లోకి వచ్చినప్పుడు కాలువ దారే మళ్లించారు. అడుగు పొడవు కూడా లేని పిట్ట కోసం పెద్దవాళ్లు కాలువను పక్కకు జరిపారన్న మాట చెప్పండి, ఏ పిల్లాడి కళ్లు పెద్దవి కావు?

కలివి కోడిని పేజీల్లోకి తేవడం మాత్రం చిత్రకారుడికి పరీక్షే. ఇది రాత్రి తిరిగే పక్షి. పేజీలన్నీ చీకటిగా ఉంటే పిల్లలకు ఏమీ కనిపించదు, పగటి వెలుగులో వేస్తే అబద్ధమవుతుంది. దారి పరిశోధకుల పనిలోనే ఉంది. కంటికి చిక్కని ఈ పక్షి కోసం వాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుజాడల కోసం చూసేవాళ్లు. కెమెరాలు అమర్చేవాళ్లు. కలివి కోడికి వెనకవేలు ఉండదు, మూడు వేళ్లూ ముందుకే. కాబట్టి పుస్తకం పగలు మొదలవ్వచ్చు. మట్టి పట్టీ మీద కుందేలు అడుగులు, నక్క అడుగులు, ఆ పక్కన మూడు వేళ్ల చిన్న గుర్తు. ఎవరిది? పేజీ తిప్పితే పొద్దుగూకుతుంది, పొదల్లోంచి ‘ట్విక్-టూ’ అనే పిలుపు, చదివే అమ్మ అరిచి వినిపించడానికి. ఆ తర్వాతి పేజీలో టార్చి వెలుగులో పెద్ద కళ్లు, పొడుగు కాళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. చీకటి ఉన్నది ఆ ఒక్క చోటే, అందుకే అది ఆ పుస్తకానికి గుండెకాయ అవుతుంది.

ఆ కథలో ఒక చేదు ముక్కా ఉంది. 1986లో చేతికి చిక్కిన ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. పుస్తకంలో ఈ మాట ఉండాలా? నాలుగేళ్ల పిల్లలకు చదివే పుస్తకంలో అక్కర్లేదని నా అభిప్రాయం, అక్కడ అడుగుజాడల ఆటే చాలు. ఏడేళ్ల పిల్లల పుస్తకంలో ఒక్క వాక్యం ఉండాలి. బతికించాలని వెతికినవాళ్ల చేతుల్లోనే అది చనిపోయిందని తెలిస్తే, తర్వాత వచ్చినవాళ్లు పట్టుకోకుండా మట్టి పరిచి చూశారని చెబితే ఆ పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. ఐతన్న గురించీ దాపరికం వద్దు. పక్షులు పట్టే మనిషి అని చెప్పండి, ఆ పక్షిని బాగా ఎరిగినవాడనీ చెప్పండి.

సుఖాంతం లేని కథల దగ్గరే రచయితలు తడబడతారు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దేశమంతా కలిపి ఈ పక్షులు 150 కూడా లేవని అంచనా, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. కళ్లు తలకు చెరోవైపు ఉండటంతో ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగా కనిపించదు, కనిపించినా ఆ బరువైన ఒంటితో చటుక్కున పక్కకు తిరగలేదు. ఆ తీగల్లో వచ్చే కరెంటు మనింట్లో ఫ్యాను తిప్పేదే. తీగలను భూమిలోకి దించాలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2021లో ఇచ్చిన ఆదేశాన్ని 2024లో కోర్టే సవరించింది. ఇంత చిక్కున్న విషయాన్ని ‘అందరూ హాయిగా ఉన్నారు’ అని ముగిస్తే పిల్లలను మోసగించినట్టే. జైసల్మేర్ దగ్గర గుడ్లు తెచ్చి, పొదిగించి, పిల్లలను చేతులతో మేపుతున్నారు. అక్కడితో పుస్తకం ఆపవచ్చు. ‘పెద్దవాళ్లు ఇంకా ప్రయత్నిస్తున్నారు’ అన్నది నిజం, నిజాయితీ ఉన్న ముగింపు కూడా.

పిల్లల పుస్తకాలతో రాబందులు తిరిగొస్తాయా అన్న విమర్శ ఒకటి మిగిలింది. రావు. రాబందులకు మేలు చేసింది మందు మీద నిషేధం, కలివి కోడి పొదలకు మేలు చేసింది కాలువ మళ్లింపు. ఈ పనులు పెద్దలవి. కాబట్టే ఆఖరి పేజీలో ‘చిన్నారీ, ఇక నువ్వే కాపాడాలి’ అని రాసే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అయిదేళ్ల పిల్ల ఏ తీగనూ భూమిలోకి దించలేదు. చెయ్యలేని పని భుజాన పెడితే మిగిలేది అపరాధభావమే. అయినా పుస్తకం వల్ల ఒరిగేదేమీ లేదనుకోవడం పొరపాటు. బొమ్మల పుస్తకాన్ని పిల్లలు ఒంటరిగా చదవరు. అమ్మో నాన్నో అంగన్‌వాడీ టీచరో చదివి వినిపిస్తారు, ఒకే పుస్తకాన్ని పదేపదే చదవాల్సి వస్తుంది. పశువులకు మందు వేయించేదీ, కాలువ మీద గ్రామసభలో మాట్లాడేదీ ఆ చదివే పెద్దలే. పిల్లల కోసం రాసిన నాలుగు వాక్యాలు వాళ్ల చెవిన కూడా పడతాయి.

ఇక డబ్బు సంగతి. నాలుగు రంగుల అచ్చు ఖర్చుతో కూడినది, తక్కువ కాపీలు వేస్తే ఒక్కోదాని ధర పెరుగుతుంది, తెలుగు తల్లిదండ్రులు ఇంగ్లిషు పుస్తకం వైపు చెయ్యి చాపుతారు. ఇవన్నీ నిజమే. అలాగని మనకు ముందు నడిచినవాళ్లు లేకపోలేదు. విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలను ఒక తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. ‘మంచి పుస్తకం’ సంస్థ ఏళ్లుగా తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తోంది, అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి తెలుగు రచయితల చేత కొత్త బొమ్మల కథలూ రాయించింది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. కేంద్రానికి ఒక్క ప్రతి చొప్పున కొన్నా, తెలుగు పుస్తకాల లెక్కలో అది చాలా పెద్ద ముద్రణ. అప్పుడు ఖరీదు అడ్డు కాదు. చిత్రకారుణ్ణి నాలుగు రోజులు లంకమలకు పంపించి, ఆ పొదలనూ ఆ మట్టినీ కళ్లారా చూసి గీయమనడానికీ, అచ్చుకు ముందు ఒక పక్షిశాస్త్రజ్ఞుడి చేత చదివించడానికీ కూడా డబ్బు మిగులుతుంది.

రెండు రాష్ట్రాల అటవీ శాఖలకూ, శిశు సంక్షేమ శాఖలకూ, పిల్లల పుస్తకాలు వేసే సంస్థలకూ విన్నపం ఒక్కటే. ఒకేసారి యాభై జంతువుల జాబితా పుస్తకం వేయకండి. ఒక ప్రాణికి ఒక పుస్తకం వేయండి, కలివి కోడితో మొదలుపెట్టండి. మంచి రచయితకూ మంచి చిత్రకారుడికీ తగిన డబ్బిచ్చి రాయించండి, గీయించండి. తొలి ప్రతులు హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు కాకుండా సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల అంగన్‌వాడీలకు చేర్చండి.